సీటు కింది చప్పుడు

విడాకులయ్యాక అద్దె గదిలో ఒక్కడే ఉంటున్న డ్రాఫ్ట్స్‌మన్, చవగ్గా దొరికిన కార్బన్ ఫ్రేముకు ఒక్కో భాగమే కొని బిగించి, కొండదారుల్లో తిరిగే సైకిలు తయారుచేసుకున్నాడు. ఎక్కి తొక్కితే కిర్రుమంటోంది. దిగి చేత్తో పెడలు తిప్పితే మాత్రం కిక్కురుమనదు. పెడళ్లు విప్పి మళ్లీ బిగించాడు, ఇరుసుకు గ్రీజు రాశాడు. ఊహూఁ, లాభం లేదు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు చెవి ఒగ్గి వినాలి. ఆ ఇంకొకరే అతనికి లేరు.

మొహమాటం చంపుకొని ఎదురు వాటా తలుపు తట్టాడు. మెట్ల మీద చూడటమే తప్ప ఏనాడూ పలకరించని పెద్దావిడ తీసింది.

"పిన్నిగారూ, నా సైకిలు ఎక్కడ మూలుగుతోందో కాస్త విని చెబుతారా?"

ఆవిడ ఎగాదిగా చూసి, చెప్పులేసుకుని వచ్చింది. వరండాలో అతను మెల్లగా తొక్కుతుంటే, వంగి వింటూ పక్కనే నడిచింది.

"చక్రాల్లో కాదు నాయనా, నీ సీటు కిందే!"

సీటు గొట్టం పైకి లాగి చూస్తే, తన ఎత్తుకు సరిపోయేలా దాన్ని కోసినప్పటి నల్లపొడి ఇంకా అంటుకునే ఉంది. శుభ్రంగా తుడిచి, కార్బనుకు వాడే పేస్టు పూసి బిగించాడు. చప్పుడు పోయింది.

"హమ్మయ్య! ఇంక నాతో పని లేదుగా," అంటూ ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఉందండీ అనబోయాడు. చేతి మసి తుడుచుకుని, ఇంకెక్కడైనా మూలుగుతుందేమోనని ఆ తలుపు ముందే సైకిలు మళ్లీ ఎక్కి తొక్కి చూశాడు.