నొప్పి సున్నా

ఆ ఇంట్లో తెల్లారగానే మొదట వినిపించేది ఒక ప్రశ్న. "ఎంత?" అని వంటగదిలోంచి ఆవిడ కేక వేస్తుంది. "ఆరు" అనో "ఎనిమిది" అనో స్నానాలగదిలోంచి ఆయన జవాబిస్తాడు. కొత్తగా వినేవాళ్లు ఏదో బేరం నడుస్తోందనుకుంటారు. నడిచేది ఆయన నడుంనొప్పి లెక్క. నొప్పి పదికి ఎంత అని డాక్టరమ్మ మొదటిసారి అడిగిన ప్రశ్నను మొగుడూ పెళ్లాం ఇంటికి తెచ్చుకుని అలవాటు చేసుకున్నారు.

ఆ అంకె చెప్పించడానికే ఆవిడకు తలప్రాణం తోకకొచ్చింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి గుంటల్లో ఎగిరెగిరి పడుతూ నడుం అరగదీసుకున్న మనిషి. నడుం నుంచి కుడికాలి బొటనవేలిదాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటున్నా సరే, అడిగితే "బానే ఉంది" అనడం తప్ప రెండో మాట ఎరగడు. పళ్లు బిగించి నవ్వే మొగుడితో కాపరం అంటే మూతపెట్టిన గిన్నెలో ఏం ఉడుకుతోందో వాసనబట్టి కనిపెట్టడమే. అందుకే ఆ అంకె దొరికాక ఆవిడ ప్రాణం తెరిపిన పడింది. మాటతో దాచగలడు గాని అంకెతో దాచలేడని ఆవిడ గట్టి నమ్మకం. పిచ్చి నమ్మకం.

ఆపరేషన్ మాట వినగానే ఆయన అక్క ఒంటికాలి మీద లేచింది.

"వెన్నుపూస మీద కత్తి పెట్టించుకుని లేచి తిరిగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. మా మామగారు ఏమయ్యాడు? మంచానికి అతుక్కుపోయాడు. నా తమ్ముణ్ణి కూడా అలాగే చెయ్యాలనుందా నీకు?"

"అది ఎప్పటి సంగతి వదినా! ఇప్పుడు వీపు చీల్చరట. గోరంత గాటు పెట్టి, పెన్నంత గొట్టం లోపలికి పంపి, కెమెరాలో చూస్తూ పని కానిస్తారట. మర్నాడే ఇంటికి."

"నీకేం, చెప్తావు. రేపు ఏమన్నా అయితే?"

"అయితే నాది పూచీ," అనేసింది ఆవిడ. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్కా అబద్ధం లేదు. ఆ సన్నని గొట్టంలోంచే నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను పట్టి బయటికి లాగింది. కండ కోయలేదు, రక్తం పెద్దగా పోలేదు. ఆ సాయంత్రమే ఆయన వార్డులో అటూ ఇటూ నడిచాడు. ఇంటికొచ్చాక అక్కగారు చొక్కా ఎత్తించి మరీ చూసింది. "ఇంతేనా! దోమ కుట్టినా ఇంతకన్నా ఎక్కువ వాస్తుంది," అని నోరు వెళ్లబెట్టింది. అందరూ పప్పులో కాలేసింది సరిగ్గా అక్కడే. గాటు చిన్నది కాబట్టి లోపల జరిగిన పనీ చిన్నదే అనుకున్నారు.

పంపించేటప్పుడు నర్సు చెప్పాల్సిందంతా చెప్పింది. వంగొద్దు, బరువులెత్తొద్దు. కాలు మొద్దుబారినా, మూత్రం రావడం కష్టమైనా ఏ వేళైనా సరే పరిగెత్తుకు రండి. ఆవిడ బుద్ధిగా తలూపింది. వినలేదని కాదు, విన్నది. కాకపోతే ఇంట్లో అడగడం అలవాటైన ప్రశ్న ఒక్కటే.

నాలుగు, మూడు, రెండు. రెండు దగ్గరికొచ్చి నొప్పి మొరాయించింది. ఆయనకు ఇంట్లో కాలు నిలవడం లేదు. కిటికీలోంచి తన రూటు బస్సు పోతుంటే, ఎవడో కొత్తవాడు గేరు కీచుమనిపిస్తున్నాడని తిట్టుకునేవాడు. నొప్పి పూర్తిగా పోతేనే బండి ఇస్తామని డిపోలో కచ్చితంగా చెప్పేశారు.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి తిరిగొచ్చేసరికి, ఎప్పట్నుంచో చీకటిమూల ఉన్న కుట్టుమిషను కిటికీ దగ్గర వెలుతుర్లో ఉంది. ఇనుప కాళ్ల పాతకాలపు మిషను అది. ఇద్దరు పట్టినా ఆపసోపాలు పడాలి.

"ఎవరు జరిపారు?"

"పక్కింటాయన వచ్చాడులే," అన్నాడు ఆయన, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

కళ్లు గుంజకుండా సూదిలో దారం ఎక్కుతుంటే ఆవిడకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. పక్కింటాయనకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న "ఎంత?" అన్న కేకకు జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"సున్నా!"

ఆవిడ గరిటె వదిలేసి బాత్రూం తలుపు దగ్గరికి పరిగెత్తింది. "నిజంగా?" "నిజంగానే. కాలు లాగడం లేదు, ఏమీ లేదు." ఆవిడ చంకలు గుద్దుకుంది. వదినకు ఫోను చేసి, మాట్లాడాల్సినదానికన్నా పెద్ద గొంతుతో మాట్లాడింది. రెండు దగ్గర మంకుపట్టు పట్టిన నొప్పి రాత్రికి రాత్రి ఎలా మాయమైందన్న అనుమానం తలెత్తకపోలేదు. కానీ మంచి జరిగినప్పుడు ఎందుకు జరిగిందని ఎవరడుగుతారు? ఆవిడా అడగలేదు.

ఆ రోజంతా ఇంట్లో ఏదో తేడాగా ఉంది. మిషను తొక్కుతూ ఆయన నడకను చెవితోనే పోల్చుకోవడం ఆవిడకు అలవాటు. ఇప్పుడు ఒక అడుగు మామూలుగా పడుతోంది, రెండోది నేలను చరిచినట్టు టప్పున పడుతోంది. బాత్రూంలో పంపు చాలాసేపు పారింది. కాసేపాగి మళ్లీ పారింది.

"నీళ్లొదిలేసి ఏం చేస్తున్నారక్కడ?"

"మొహం కడుక్కుంటున్నా."

బయటికి వచ్చిన మొహం పొడిగానే ఉంది. ఆవిడ చూసింది. చూసి, అంచు కుట్టాల్సిన గౌను కోసం తల దించుకుంది. ఎందుకు తల దించుకున్నానా అని తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో.

రెండోరోజు మధ్యాహ్నం ఆయన యూనిఫాం ప్యాంటు బయటికి తీశాడు. డిపోకు వెళ్లాలని ఒకటే ఆరాటం. ఒళ్లు తగ్గడంతో నడుం వదులైంది, అంచులు నేలకు రాసుకుంటున్నాయి. "నిలబడండి, గుండుసూదులు పెడతాను," అని ఆవిడ ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఎడమకాలికి చెప్పుంది. కుడికాలికి లేదు.

"ఆ చెప్పేదీ?"

"ఏ చెప్పు? వేసుకున్నానుగా," అన్నాడు కిందికి చూడకుండానే.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నడవలో, గుమ్మానికి అవతల, చెప్పు ఒక్కటే పడుంది. వదిలేసి వచ్చినట్టు లేదు, కాలు దాన్ని మరిచిపోయి వచ్చినట్టుంది.

పైన ఆయన హుషారుగా చెప్పుకుపోతున్నాడు. "ఒకావిడ మా బస్సెక్కి, ఇది ఆస్పత్రికి పోతుందా అనడిగింది. మా కండక్టరు ఏమన్నాడో తెలుసా..."

ఆవిడ వేళ్ల మధ్య గుండుసూది ఉంది. ఆయన కుడిమడమ పక్కన మెల్లగా గుచ్చింది. కాలు కదల్లేదు. చిటికెనవేలి పక్కన గుచ్చింది.

"...ఈయన ఇలాగే తోలితే అందరం అక్కడికే పోతాం తల్లీ అన్నాడు!"

ఆయన తన జోకుకు తనే పగలబడి నవ్వుతున్నాడు. ఆవిడ సూదిని ఇంకాస్త లోపలికి నొక్కింది. నెత్తురు చిన్న బొట్టుగా పైకి వచ్చింది. నవ్వు ఆగలేదు. అదే సూదిని ఎడమకాలి మీద ఊరికే అలా ఆనించింది.

"అబ్బా! ఏంటది?" అని ఎగిరిపడి ఆయన అప్పుడు కిందికి చూశాడు. కుడికాలి వేలి మీద నెత్తురు చూశాడు. ఆవిడ మొహం చూశాడు. నవ్వు మాయమైంది.

"బాత్రూంలో పంపెందుకు తిప్పి ఉంచుతున్నారు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "చప్పుడు వింటే వస్తుందేమోనని. నిన్నట్నుంచీ సరిగ్గా రావట్లేదు. కూర్చుంటే కింద కుర్చీ ఉన్నట్టు కూడా తెలియట్లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నొప్పి ఎంతని అడిగావు. నొప్పి లేదు. లేనిది లేదన్నాను." కాలి మీది నెత్తురు తుడుచుకుంటూ, "ఆ సున్నా వినగానే నీ మొహం ఎలా వెలిగిందో నువ్వు చూసుకోలేదు," అన్నాడు.

ఆటోలో ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. తిట్టడానికి నోరు రాలేదు, ఏడవడానికి టైము లేదు. దారి పొడుగునా ఎర్రలైట్లన్నీ తమకోసమే కాచుకున్నట్టు వెలుగుతున్నాయి.

డాక్టరమ్మ కాలు ఎత్తమంది, వేళ్లు పైకి లాగమంది. బొటనవేలు లేవలేదు. తొడల మధ్య దూదితో తాకి, తెలుస్తోందా అంది. తెలియడం లేదన్నాడు. డాక్టరమ్మ ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి. ఇప్పుడు తలుపు తీసి, ఆపరేషన్ థియేటరు సిద్ధం చెయ్యమని గట్టిగా అరిచింది.

"బరువేమన్నా ఎత్తారా?"

ఆయన నేల చూపులు చూశాడు. "కుట్టుమిషను. దీనికి చీకట్లో కళ్లు లాగుతుంటే... నాకు బానే ఉంది కదా అని. ఎత్తినప్పుడు లోపల కలుక్కుమంది. తర్వాత హాయిగా అయిపోయింది."

పక్కింటాయనకు పెట్టుకున్న దణ్ణం ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది.

"హాయి కాదండీ అది," అంది డాక్టరమ్మ. "లోపల మిగిలిన డిస్కు మళ్లీ జారి నరాలన్నిటినీ నొక్కేసింది. నొప్పి ఉందని చెప్పడానికి కూడా నరం బతికుండాలి." ఆవిడవైపు తిరిగింది. "మా గొట్టం చిన్నదైంది, కెమెరా బాగుపడింది, మిమ్మల్ని మర్నాడే ఇంటికి పంపగలుగుతున్నాం. కానీ లోపల మానడానికి మీ పెద్దవాళ్ల కాలంలో ఎంత పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"నిన్న పొద్దున్న సున్నా అన్నారు," అంది ఆవిడ. "నేను సంబరపడ్డాను."

డాక్టరమ్మ గడియారం వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఈసారి గాటు పెద్దదే పెట్టాల్సి వచ్చింది. బయట బల్లమీద అక్కగారు వచ్చి కూర్చుంది. దెప్పుతుందేమోనని ఆవిడ తల వంచుకుని ఎదురుచూసింది. అక్కగారు దెప్పలేదు. చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతకన్నా నాలుగు తిట్టినా భరించేది.

డాక్టరమ్మ బయటికి వచ్చి, ముక్క తీసేశామని చెప్పింది. "నరం మీద ఒత్తిడి పోయింది. అది మళ్లీ లేస్తుందా, ఎంతవరకు లేస్తుంది అన్నది నా చేతిలో లేదు. కాలు వస్తుందనే నా ఆశ. మూత్రం సంగతి చెప్పలేను. ఈ ఒకటి రెండు రోజులు ప్రతిదీ ముఖ్యమే. ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియట్లేదు, ఆయన ఉన్నదున్నట్టు చెప్తేనే మందూ, తర్వాత చెయ్యాల్సిందీ నిర్ణయించగలం. ఆయన దాచకుండా చూడండి."

ఆయన్ను వార్డులోకి తెచ్చారు. మూత్రం గొట్టం మంచం పక్కన వేలాడుతోంది. కిటికీలోంచి పడే పల్చటి ఎండలో ఆయన మొహం పాలిపోయి ఉంది. కళ్లు తెరిచి ఆవిడను చూడగానే నవ్వే ప్రయత్నం చేశాడు.

"ఏడ్చావా?"

"లేదు."

"నాకేం కాదు. ఇంకో రెండు వారాల్లో బండెక్కుతాను చూడు."

ఆవిడ మంచం చివరికి వెళ్లింది. కుడికాలు దుప్పటి కింద ఉంది. సూది తేలేదు, చేత్తోనే చూద్దామనుకుంది. "ఇప్పుడు బొటనవేలు పట్టుకుంటాను. ఉన్నదున్నట్టు చెప్పండి. నా మొహం చూడొద్దు, పైకి చూడండి," అంది. ఆయన బుద్ధిగా పైకప్పు కేసి చూశాడు. ఆవిడ దుప్పటి అంచు పట్టుకుంది. ఎత్తడానికి భయమేసి అలాగే ఆగిపోయింది.

"ఆఁ, తెలుస్తోంది," అన్నాడు ఆయన, ఎంతో సంతోషంగా. "బాగా తెలుస్తోంది. చెయ్యి చల్లగా ఉంది నీది."

ఆవిడ ఇంకా కాలు ముట్టుకోనే లేదు. దుప్పటి వదిలేసి, డాక్టరమ్మను పిలుచుకురావడానికి తలుపు వైపు నడిచింది.