ఎవరూ ఏమీ అడగని మధ్యాహ్నం

యూదుల కొత్త సంవత్సరానికి చేపతల వండిన గిన్నె వాసన వదలకముందే ప్రాయశ్చిత్త దినం వచ్చిపడింది. ఆ రోజంతా ఉపవాసం ఉండి, చుక్కలు పొడిచాక ఇన్ని టీనీళ్ళు గొంతులో పోసుకుని, ఆ వెంటనే, వారం పాటు పందిట్లోనే భోంచేసే పర్ణశాలల పండుగకి పందిరి గుంజలు పెరట్లోకి లాక్కొచ్చింది పెనీనా. హులా లోయలో ఆ నెలంతా అంతే. పండుగలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి. వాటి వెనక చుట్టాలొస్తారు, చుట్టాల వెనక అంట్లగిన్నెలొస్తాయి. పన్నెండు నెలల్లో దేవుడికి ఈ ఒక్క నెలే ఎందుకు నచ్చిందో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు.

మిగతా రోజుల్లో ఆమె ఊరి ఆరోగ్య కేంద్రంలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఏదో ఒకటి అడగడానికే వస్తారు. డాక్టరు ఎన్నింటికి వస్తాడు, నా రక్తపరీక్ష కాగితం ఏది, మరుగుదొడ్డి ఎటువైపు. సాయంత్రం ఇంటికొస్తే ఇంట్లోవాళ్ళు అందుకుంటారు. నా చొక్కా ఏది, పాలున్నాయా, రేపు పిల్లల్ని చూసుకుంటావా. ఈమధ్య ఆమెకి నిలబడ్డచోటే కునుకు పడుతోంది. పండుగకి ముందు వారం కౌంటరు ముందు నిలబడిన ఒక ముసలాయన, పాపం, టైమెంతైందని అడిగితే ఆమెకి ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

భర్త గెర్షోన్ బడిలో భూగోళం చెబుతాడు. ఆయన ప్రాణమంతా పక్షుల మీదే. ఉత్తరాన మంచు పడే దేశాల నుంచి బెగ్గురు కొంగలు గుంపులు గుంపులుగా దిగే కాలం ఇది, కాబట్టి పండుగ సెలవులు ఇచ్చిందే తన కోసమని ఆయన నమ్మకం. తెల్లారకముందే మెడలో బైనాక్యులర్స్ వేసుకుని చెరువుగట్టుకి పోతాడు. మధ్యాహ్నం తనలాంటి మరో నలుగురిని వెంటేసుకొస్తాడు. వాళ్ళు బురదబూట్లతో పందిట్లో కూర్చుని, రెక్కల కొలతల గురించి వాదులాడుకుంటూ, పెనీనా పోసిన సూపు తాగి పోతారు.

ఆ కొంగల సంగతి లోయలో పసిపిల్లాడికి కూడా తెలుసు. దిగినవాటిలో చాలావరకు వేరుశనగ చేలల్లోనే చలికాలం గడిపేస్తాయి. కొన్ని మాత్రం నాలుగు గింజలు ఏరుకుని ఇంకా కిందికి, ఆఫ్రికాకి సాగిపోతాయి. అలా పోయేముందు వాటిలో ఒకటి ఎవరో ఒకరి పందిట్లోకి నడిచొచ్చి, బాగా అలిసిపోయిన మనిషిని చూసుకుని, భుజం మీద మెడ ఆనిస్తుంది. ఆ మనిషి వాటితో ఎగిరిపోయి, చలి తగ్గాక పూరీము పండుగకి తిరిగొస్తాడు. ఈలోపు వాళ్ళ ఆఫీసులో సెలవు రాసుకుంటారు, ఇరుగుపొరుగు వంతులేసుకుని ఆ ఇంటికి కూరలు పంపుతారు. నిరుడు మంగలి షిమ్షోన్ వెళ్ళాడు. ఎండకి ముక్కు తోలు ఊడి, కళ్ళు మాత్రం తేటగా చేసుకుని వచ్చాడు. అక్కడేం చేశావని అడిగితే, నీళ్ళలో నిలబడ్డానని, అక్కడ ఎవరూ ఏమీ అడగరని చెప్పాడు.

దీనికి ఒక్కటే నియమం. పక్షి మెడ ఆనించినప్పటి నుంచి పాదాలు నేల వదిలేదాకా, ఇంట్లోవాళ్ళు ఆ మనిషిని ఏదీ అడగకూడదు. గ్లాసుడు మంచినీళ్ళు అడిగినా సరే, పక్షి మెడ తీసేసుకుని తన దారిన తాను పోతుంది.

గెర్షోన్ ఆ పిలుపు కోసం పెళ్ళికి ముందు నుంచీ ఎదురుచూస్తున్నాడు. ఏటా పందిరి వేయగానే పెనీనాకి జాగ్రత్తలు చెబుతాడు. "నా దగ్గరికొచ్చినప్పుడు నువ్వు నోరు మెదపకు. ఇది తెమ్మని, అది దించమని అన్నావంటే నా బతుకు అక్కడితో సరి."

"నేను నిన్ను ఎప్పుడేం అడిగాను గనక," అనేది పెనీనా. ఆయన కాసేపు ఆలోచించి, నిజమే సుమా అని తృప్తిపడేవాడు.

ఆయనకి తెలియనిది ఒకటుంది. కొంగ ఆ ఇంటికి చాలాసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా పెనీనా దగ్గరికే వచ్చింది. ఆయన చెరువుగట్టు మీద వాటికోసం మెడ నిక్కించి చూస్తుంటే, ఇక్కడ అది ఆమె భుజం మీద తల పెట్టేది. మొదటిసారి కూతురు నావా గదిలోంచి మేజోళ్ళు ఏవమ్మా అంది. ఇంకో ఏడు అత్తగారు శాలువా కప్పమంది. ఆ పైన ఒకసారి గెర్షోన్ స్నేహితుడే ఒకడు ముందుగా వచ్చి, ఏమీ చూడకుండానే టీ పెడతావా తల్లీ అన్నాడు. పందిట్లో కూర్చుని అన్నం తిన్నవాడు కూడా ఇంటివాడి కిందే లెక్క కాబోలు, పక్షి వెళ్ళిపోయింది. పెనీనా టీ పెట్టింది.

ఈ సంగతి ఆమె గెర్షోన్‌కి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక తెల్లవారుజామున ఆమెని తన కోటులో చుట్టి గట్టు మీదికి తీసుకెళ్ళాడు. ఊపిరి బిగపట్టి, బైనాక్యులర్స్ ఆమె కళ్ళకి ఆనించాడు. ఆమెకి తన కనురెప్పల వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా, ఎంత బాగుందో అంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికి ఎర్రబడ్డ ఆ ముఖం ఆమెకి ఇప్పటికీ గుర్తే, తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. అలాంటి మనిషితో, నీ కొంగ నాకోసం వస్తోందని ఏ నోటితో చెబుతుంది?

పక్కింటి మజల్‌కి మాత్రం చెప్పింది. ఈ ఏడు పందిరి పైన ఈతమట్టలు పరుస్తూ, ఆకాశంలో ఏదో గద్ద పోతోందని మెడ తిప్పి చూసి, గెర్షోన్ నిచ్చెన మీంచి జారాడు. చీలమండ బెణికింది. డాక్టరు కట్టుకట్టి, పండుగ వెళ్ళేదాకా ఇల్లు కదలొద్దన్నాడు. ఆ వార్త విని మజల్ గోడ మీంచి తల పెట్టింది.

"అయితే ఈసారి ఆయన ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనేనా?"

"ఇంట్లోనే. పొద్దుటి నుంచి టీ, దిండు, అద్దాలు తుడిచే గుడ్డ, మళ్ళీ టీ. అది వచ్చినా గుమ్మంలోంచే వెనక్కి పోతుంది మజల్. వచ్చే ఏటిదాకా నేను లాగలేను. అబద్ధం కాదు, లాగలేను."

మజల్ ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి. ఆ రోజు మాత్రం వంకాయ కూర గిన్నె గోడ మీద పెట్టి లోపలికి పోయింది.

పండుగ మధ్య రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చింది అది. ఎండ బాగా కాసి, గాలి పైకి లేచే వేళ. చేల వైపు నుంచి బూరలు ఊదినట్టు కొంగల అరుపులు వినిపిస్తున్నాయి. గెర్షోన్ పందిట్లో కుర్చీలో కూర్చుని, కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. స్నేహితులు ఆయన్ని వదిలేసి గట్టు మీదికే పోయారు. పెనీనా సూపు వడ్డించింది. తన పళ్ళెంలో పోసుకోబోతూ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది, ఒక్క క్షణం నిద్రపోయింది కూడా.

కళ్ళు తెరిచేసరికి పందిరికి గోడలేని వైపు నుంచి బూడిదరంగు కొంగ లోపలికి వస్తోంది. మనిషి రొమ్ము ఎత్తుంది, నడినెత్తిన ఎర్రమచ్చ. గెర్షోన్ గబుక్కున నడుం నిటారుగా పెట్టాడు. జుట్టు సవరించుకున్నాడు. భుజం కాస్త ముందుకి వంచి, కళ్ళు మూసుకున్నాడు.

పందిరి కప్పు నుంచి గుడ్డుపెంకు పిట్టలు వేలాడుతున్నాయి. లోపలి సొన ఊదేసి కాగితం రెక్కలు అంటించినవి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఊదుతుంటే బుగ్గలు ఉబ్బడం చూసి పెనీనా పడీపడీ నవ్వేది. కొంగ ఆ పిట్టల కిందికి రాగానే, తల ఎత్తి చూడకుండానే మెడ వంచి వాటిని తప్పించుకుంది. ఆయన కుర్చీని చుట్టి వచ్చింది. పెనీనా భుజం మీద మెడ ఆనించింది.

గెర్షోన్ కళ్ళు తెరిచాడు. ఆయన ముఖం చూడలేక పెనీనా చూపు తిప్పుకోబోయింది, కానీ తిప్పుకోలేకపోయింది. ముప్ఫై ఏళ్ళ ఆశ ఒక మనిషి ముఖంలోంచి పోవడం ఆమె అప్పుడే చూసింది. క్షమించమని అందామనుకుంది. అంతలో ఆయన కళ్ళు చురుగ్గా మారడం గమనించింది. గట్టు మీద కూర్చుని, కొత్త పిట్ట ఏదో పాత పిట్ట ఏదో నడకని బట్టి తేల్చే చూపు అది. ఆయన కొంగని చూశాడు, గుడ్డుపెంకు పిట్టల్ని చూశాడు.

"ఇది ఇంతకుముందు ఎన్నిసార్..." అని, మాట మింగేశాడు. చేత్తో నోరు మూసుకున్నాడు. తర్వాత అడిగినట్టు కాకుండా, నెమ్మదిగా, చెప్పినట్టు అన్నాడు. "ఇది దారి తెలిసిన పక్షి."

పెనీనా తల ఊపింది.

ఏం చేయాలో తెలియక ఆయన చెంచా తీసుకుని సూపు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ముఖం చూడగానే పెనీనాకి తెలిసిపోయింది, ఉప్పు వేయలేదు. నిలబడి నిద్రపోయే మనిషికి ఉప్పు ఎక్కడ గుర్తుంటుంది! బల్ల మీద ఉప్పుగిన్నె కూడా లేదు. ఏడాదంతా రొట్టె ఉప్పులో అద్దుకుని తినే ఇల్లే, కానీ తియ్యటి ఏడాది కావాలని ఈ నెలంతా తేనెగిన్నె పెడతారు. ఆయన చూపు బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది. పెదాలు విడివడ్డాయి. పెళ్ళైన నాటి నుంచి ఆ పెదాలు అలా విడివడితే తర్వాత ఏమొస్తుందో పెనీనాకి కంఠతా వచ్చు. అయిపోయింది అనుకుంది. కొంగ మెడ భుజం మీద వెచ్చగా, బరువు లేకుండా ఉంది. ఇంకొక్క నిమిషం ఉంటే చాలనిపించింది.

గెర్షోన్ పెదాలు మూసుకున్నాడు. ఇంకో చెంచా చప్పిడి సూపు తాగాడు.

అప్పుడే ఫోను మోగింది. బల్ల మీద, పెనీనా పళ్ళెం పక్కన. నావా పేరు కనబడుతోంది. ఏమడగడానికి చేసిందో ఇద్దరికీ తెలుసు. పెనీనా చెయ్యి తనంతట తానే ఫోను మీదికి పోయింది. గెర్షోన్ స్టూలు తన్నేసి, దెబ్బతగిలిన కాలి మీదే ముందుకి వాలి దాన్ని లాక్కున్నాడు. నొప్పికి పళ్ళు కొరుక్కుంటూ చెవికి పెట్టుకున్నాడు.

"అమ్మ లేదు... లేదంటే లేదు నావా. నన్నడుగు... పిల్లలనా? రేపా? సరే, తీసుకురా, నేను చూస్తాను... కాలికేం, కాలితో చూస్తారా పిల్లల్ని? ... తింటారు, నేనే వండుతాను. ఏం వండుతానో నాకూ తెలియదు, వచ్చాక చూద్దాం."

ఫోను ఆపేసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ముఖమంతా చెమట. పెనీనా వైపు చూసి ఏదో చెప్పాలనుకున్నాడు, కానీ ఆయనకి దొరికిన ప్రతి మాటా అడిగినట్టే ఉందేమో, చేత్తో మాత్రం వెళ్ళు వెళ్ళు అన్నట్టు ఊపాడు. పెనీనా గరిటె బల్ల మీద పెట్టింది. ఏప్రను విప్పి మడతపెట్టబోయి, మడతపెట్టకుండానే కుర్చీ మీద పడేసింది. దగ్గరికొచ్చి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆయన కదలకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

కొంగ ముందు నడిచింది, పెనీనా వెనక నడిచింది. నిమ్మచెట్టు దాటేసరికి మడమలు తేలాయి, ఆ తర్వాత వేళ్ళు. ఒంట్లో ఇన్నాళ్ళ అలసట అలాగే ఉంది, కాకపోతే దాన్ని ఇప్పుడు గాలి మోస్తోంది. పైన తిరుగుతున్న గుంపు వాళ్ళకోసం కాస్త చోటిచ్చింది. కింద పందిరి ఈతమట్టల సందుల్లోంచి గెర్షోన్ లేవడం కనిపించింది. సూపు పళ్ళెం చేత్తో పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ వంటింట్లోకి పోయాడు.

వంటింట్లో అలమర తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మూసుకుంది. ఇంకోటి తెరుచుకుంది. గాజుగ్లాసులు గలగలలాడాయి. కాసేపు ఆగి, పిండిడబ్బాల అర లాగిన చప్పుడు. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళున్న మనిషి ఉప్పు కోసం ఒక్కో తలుపే తెరుచుకుంటూ పోతున్నాడు, అడగకుండా.

పొయ్యికి ఎడమ పక్కన, కింది అరలో, నీలం మూత డబ్బా. మాట పెనీనా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా గొంతు అందే దూరమే. ఆమె పెదవి పంటితో నొక్కిపట్టుకుంది. కింద ఇంకో తలుపు తెరుచుకుంది.

పెనీనా చెప్పలేదు.