ఫలితాల గడి

కష్టమైన కస్టమర్లట, చదివేకొద్దీ ఒళ్ళు మండుతోంది, కష్టమైన కస్టమర్లను ఓర్పుతో సంభాళించడంలో సుదీర్ఘ అనుభవం, ఇదీ బ్యాంకు కాల్ సెంటర్ ఉద్యోగానికని మా ఆడపడుచు నా బయోడేటాలో పెట్టిన మొదటి వాక్యం, పదకొండేళ్ళు అంబులెన్స్ కంట్రోల్ రూములో కూర్చుని నేను ఎత్తిన ఫోన్లన్నీ దాని లెక్కలో కస్టమర్లవి, మెట్ల మీద జారిపడ్డ మొగుడి తలను ఒళ్ళో పెట్టుకుని తన ఇల్లెక్కడో కూడా చెప్పలేక వణికిపోయిన ముసలావిడ కస్టమరు, నొప్పులు పడుతున్న పెళ్ళాన్ని కారులో వేసుకుని దారి తప్పి నన్నే బూతులు తిట్టినవాడు కస్టమరు, వాళ్ళేమైనా కొన్న ఫ్యాను తిరగడం లేదని ఫోన్ చేశారా, బ్యాంకువాళ్ళకు అర్థమయ్యేలా రాయాలి కదా వదినా అంటుంది బల్లకు అవతల నుంచి, పెద్ద కంపెనీలో ఉద్యోగాలకు మనుషుల్ని ఏరే పని దానిది, ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని నా కోసం వచ్చింది, కాదనను, అందుకే కోపం మింగుతున్నాను.

నువ్వే కదా ఉద్యోగం మారతానన్నావు అని పేపరు వెనక నుంచి మా ఆయన, అవును నేనే, ఎందుకు మారతానన్నానో మాత్రం ఒక్కరూ అడగలేదు, అలిసిపోయిందని వాళ్ళకు వాళ్ళే తేల్చేసుకున్నారు, మా సూపర్‌వైజరూ అంతే, నాలుగు రోజులు సెలవు పెట్టి నిద్రపోండి మేడమ్ అన్నాడు, నిద్ర సంగతి కాదండీ అంటే నవ్వి తన టీ తను తాగాడు, ఇదిగో వదినా ఇక్కడ ఫలితాలు రాయాలి, అంకెల్లో ఉంటే మంచిది, నీ వల్ల ఎంతమంది బతికారు, టైపు చేయడానికి వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని అడుగుతోంది, ఎంతమంది కూరగాయలు కొన్నారు అన్నంత తేలిగ్గా, ఒక రాత్రి ఫోనులో మా నాన్న ఊపిరి తీసుకోవడం లేదండీ అంది ఒక పిల్ల, చిన్న గొంతు, భయపడకు తల్లీ, అరచెయ్యి ఛాతీ మధ్యలో పెట్టి గట్టిగా నొక్కు, నాతోపాటు లెక్కపెట్టు, చేతులు పోతున్నాయండీ అని ఏడుస్తూనే లెక్కపెట్టింది, అంతలో తలుపు చప్పుడు, అంబులెన్సువాళ్ళు వచ్చేశారండీ అని పెట్టేసింది, అంతే, నా ముందు ఇంకో ఫోన్ మోగుతోంది, ఆయన లేచాడా లేదా అని అడిగితే అది మన పని కాదు మేడమ్, రూలు ఒప్పుకోదు అన్నాడు సూపర్‌వైజరు, అప్పటినుంచి ఏ తండ్రీకూతుళ్ళు పక్కపక్కన నడిచినా వీళ్ళేనేమో అనిపిస్తుంది, ఒకసారి బస్టాపులో అలా ఒకాయన్నీ కూతుర్నీ తేరిపార చూస్తుంటే ఆ అమ్మాయి తండ్రిని చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయింది.

తెలియదు అన్నాను, తెలియకపోవడమేంటి వదినా, ఎనభై శాతం అని వేసేద్దాం, ఎవరు చూడొచ్చారు, అంతే, నా గొంతు నాకే కొత్తగా లేచింది, వెయ్యకు, ఆ మిగతా ఇరవై శాతం మంది ఎవరో చెప్పు, ఆ పిల్ల తండ్రిని ఎనభైలో వేశావో ఇరవైలో వేశావో చెప్పి అప్పుడు వెయ్యి, మా ఆయన పేపరు దించాడు, ఆడపడుచు కీబోర్డు మీంచి చేతులు తీసేసి అడిగింది, నిజంగా ఒక్కరి సంగతి కూడా తెలియదా వదినా, ఒక్కరిది కూడా తెలియదు, మరి బ్యాంకులోనూ ఫోనే కదే అన్నాడు మా ఆయన మెల్లగా, ఆ మాట అనడానికి ఇన్నాళ్ళు పట్టింది ఈ మనిషికి, నాకు తట్టడానికీ అంతే పట్టింది, అక్కడా గొంతులే, అక్కడా సగంలో టక్కున తెగిపోవడమే, కాకపోతే జీతం ఎక్కువ.

మంచాన పడ్డవాళ్ళకు మళ్ళీ నడక నేర్పే విభాగంలో మనుషులు కావాలని ఆసుపత్రివాళ్ళు వేసిన ప్రకటన నెల నుంచి చూస్తున్నాను, రోగుల్ని పిలవడం, కూర్చోబెట్టడం, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పడం, ఇంతే పని, జీతం తక్కువని పక్కన పెట్టాను, బ్యాంకుది తీసెయ్ అమ్మాయ్, దీనికి రాయి, ఫలితాలు తెలియవు అని రాయి, అలా రాస్తే ఎవరూ పిలవరు వదినా అంటోంది, అంటూనే టైపు చేస్తోంది, పిలవకపోతే నేనే వెళ్ళి అడుగుతాను, అలిసిపోయి మానేశానని మాత్రం ఎక్కడా రాయనివ్వను, నాకింకా ఓపిక ఉంది, తలుపు తీసుకుని ఎవరు లోపలికి వచ్చారో, ఎలా నడిచి వెళ్ళారో, ఇకనుంచి నా కళ్ళతో చూడాలి.