గోరంత బొమ్మకు పదికి తొమ్మిది

ఫోన్లో ఆటల స్టోర్ తెరిస్తే ఒక్కో ఆటకు దొరికే చోటు బొటనవేలి గోరంత. ఆ గోరంత బొమ్మ చూసి జనం నొక్కితే నొక్కినట్టు, లేకపోతే లోపల ఎంత చచ్చీచెడీ చేసిన ఆటైనా గంగలో కలిసినట్టే. అలాంటి బొమ్మలకు మార్కులు వేసే పని హేమలతకు దొరికింది. బాన్సువాడ బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తున్నానని ఆమెకు కాస్త పొగరు కూడా ఉండేది. ఉండనీయండి, మూడు నెలల పొగరే కదా.

మూడు నెలలే ఎందుకంటే, ఆమెను పెట్టుకున్నది పనితనం పరీక్షించి చూడడానికి. ఆ గడువు ఈ శుక్రవారంతో సరి. ఇవాళ ఇచ్చే రిపోర్టు బాగుంటే ఉద్యోగం ఖాయం, ఇంటి నుంచే చేసుకోవచ్చు. బాగాలేకపోతే మళ్ళీ జిరాక్సు సెంటరుకు పోయి ఆధార్ కార్డులకు లామినేషన్ వేయడమే. ఆ మిషన్ వాసన ఆమెకు అస్సలు పడేది కాదు.

ఆట పేరు ‘నాటు రాణి’. ఒక పిల్ల బురద మడిలో వరినాటు వేస్తూ పోతుంటే ఎండ్రకాయలు అడ్డం వస్తుంటాయి, అంతే. బుర్ర పెట్టాల్సిన పనిలేదు, బస్సులో నిలబడి కూడా ఆడుకోవచ్చు. దానికి రెండు బొమ్మలు వచ్చాయి. మొదటిదాంట్లో ఒక బర్రె నోరు బార్లా తెరిచి అరుస్తోంది. ఈ మధ్య ఏ ఆట బొమ్మ చూసినా ఎవరో ఒకరు నోరు తెరిచి అరుస్తూనే ఉన్నారు, ఆ దుకాణంలో అంత కొంపలేం మునిగాయో తెలియదు. రెండోదాంట్లో పిల్ల చేతిలో నారు పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, మన మీదికే నడిచి వస్తోంది. వెనక పచ్చటి వరుసలు. ఈ రెండోది గీసింది స్వయంగా సుప్రజ మేడం. హేమలతను ఉంచేదీ ఊడగొట్టేదీ ఆమే.

రంగులకు రెండు, మొహానికి రెండు, చిన్నగా చేసినా తెలుస్తోందా అన్నదానికి రెండు, ఇలా షీటులో గడులు ఉన్నాయి. హేమలత గడి గడికీ మార్కులు వేసుకుంటూ పోయింది. బర్రెకు ఐదు వచ్చాయి, మేడం బొమ్మకు తొమ్మిది. పదీ వేస్తే కాకా పట్టినట్టు ఉంటుందని ఒక మార్కు తగ్గించింది. అదొక్కటే ఆమె సొంతంగా ఆలోచించి వేసిన మార్కు.

షీటు అడుగున ఇంకో గడి ఉంది. ఆటలు ఆడని ఐదుగురికి బొమ్మను మూడు క్షణాలు చూపించి ఏం కనబడిందో రాయాలట. బాన్సువాడలో ఆటలు ఆడని ఐదుగురిని ఎక్కడ వెతకాలి? హోటల్లో గ్లాసులు కడిగేవాడి దగ్గర్నుంచి అందరూ ఫోన్లోనే ఉన్నారు. హేమలతకు తల్లి గుర్తొచ్చింది. బీర్కూర్ ఆటో ఎక్కింది.

తల్లి హీరాబాయి అక్కడ నాటు కూలీల గుంపుకు పెద్ద. యాసంగి నాట్లు జోరుగా సాగుతున్నాయి, ఏడుగురు ఆడవాళ్ళు వంగి ఉన్నారు. ఇంట్లో తల్లీకూతుళ్ళది లంబాడీ తండా మాటే అయినా, గుంపులో పెంటవ్వలాంటి బయటి ఊరివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి పొలంలో తెలుగే నడుస్తుంది.

“యాడీ, గీ బొమ్మ జర చూడు,” అంది హేమలత గట్టు మీద నుంచి. తండాలో అమ్మను అలాగే పిలుస్తారు. “మూడు లెక్కవెడత. ఏం గనబడ్డదో చెప్పాలె.”

హీరాబాయి నడుం ఎత్తలేదు. “చేతులకు బురదున్నది. నువ్వే దిగొచ్చి చూపెట్టు.”

హేమలత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి మడిలోకి దిగింది. ముందు బర్రెను చూపించింది.

“గీ బర్రెకు గొంతు వాసినట్టున్నది,” అంది పెంటవ్వ. “జల్దిన దవాఖానకు తోలుకపొమ్మను.”

తర్వాత రెండో బొమ్మ. రెండు కూడా లెక్కపెట్టలేదు, పెంటవ్వ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. మిగతా వాళ్ళు నారు వదిలేసి వచ్చి చూశారు. వాళ్ళూ నవ్వారు. పొద్దున్నుంచి వంగిన నడుములు ఏడూ ఒక్కసారి లేచాయి.

“ఏందే గీ పిల్ల ముంగటికి నడుస్తుంది!” అంది పెంటవ్వ కళ్ళు తుడుచుకుంటూ. “నాటేసుడు, తొక్కుడు, నాటేసుడు, తొక్కుడు! ఏసిందంత కాళ్ళకిందనే వోయింది గదనే. మళ్ళ పండ్లు ఇకిలిస్తుంది సూడు, సిగ్గులేకుంట.”

హేమలత బొమ్మను మళ్ళీ చూసింది. నాటు వేసేవాళ్ళు వెనక్కే నడుస్తారు. వేసిన నారు కళ్ళ ముందుంటుంది, కాళ్ళు ఇంకా నాటని బురదలో ఉంటాయి. ఇది తెలియడానికి చదువు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా సెలవులన్నీ ఆమె వెనక్కే నడిచింది. అలాంటిది గంటసేపు బొమ్మను గుడ్లప్పగించి చూసి రంగులకు రెండు మార్కులు వేసింది.

“గిది ఎవలు గీసిండ్రు?” అని అడిగింది హీరాబాయి.

“మా మేడం.”

“నువ్వు బాగలేదని చెప్పినవా?”

“పదికి తొమ్మిది ఏసిన.”

హీరాబాయి కూతురి మొహంలోకి చూసింది. “గా ఒక్కటెందుకు ఆపుకున్నవ్? గది గూడ ఇయ్యకపోయినవ్!” అని మళ్ళీ వంగింది.

మేడం తిడితే కూడా ఇంత సిగ్గు వేసేది కాదు. హేమలత గట్టు ఎక్కి నిలబడింది. అప్పుడే ఫోన్ మోగింది. సుప్రజ, వీడియో కాల్.

“హేమా, రిపోర్టు ఎక్కడ? నాలుగింటికి బొమ్మ ఫైనల్ చేయాలి.”

తొమ్మిదిని తొమ్మిదిగానే ఉంచి పంపేస్తే అడిగేవాళ్ళు లేరు. అయినా హేమలత ఉండబట్టలేకపోయింది. “మేడం, బొమ్మ తప్పు,” అంది. ఎందుకు తప్పో చెప్పింది.

“ముందుకు నడిస్తే ఏంటి, వెనక్కి నడిస్తే ఏంటి? ఆడేవాళ్ళకు తెలుసా?” అంది సుప్రజ. “ఫేస్ ఉండాలి. ఫేస్ లేకపోతే ఎవరూ నొక్కరు.”

హేమలత కెమెరాను మడి వైపు తిప్పింది. ఏడుగురూ గట్టు వైపే వెనక్కి జరుగుతూ వస్తున్నారు. ఫోన్ నిండా ఏడు పిరుదులు, పైకి దోపిన ఏడు చీరలు.

సుప్రజ ఫోన్‌కు దగ్గరగా వంగింది. “వాళ్ళని... ఒకసారి ఇటు తిరగమంటావా?”

హీరాబాయి తిరగలేదు. “మొఖం గావాల్నంటే బువ్వ తినేటప్పుడు రమ్మను. ఇప్పుడైతే గిదే ఉన్నది.”

గుంపంతా గొల్లుమంది. సుప్రజ నవ్వలేదు. “షీటు ఆన్‌లైన్లో నాకూ కనబడుతోంది హేమా. పొద్దున ఇదే బొమ్మకు తొమ్మిది వేశావు.”

“మీరు గీసిండ్రని వేసిన, మేడం,” అంది హేమలత. భయంలో ఊరి మాటే వచ్చేసింది. “పనిలకెల్లి తీసేస్తరని భయమైంది. ఇప్పుడు గూడ భయమే. గని వీళ్ళ ముంగట నిలవడి తొమ్మిది అనలేను.”

కాల్ కట్ అయింది.

లామినేషన్ వాసన ముక్కు దాకా వచ్చినట్టనిపించింది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

“ఊకె నిలవడితే ఏమొస్తది?” అంది హీరాబాయి వెనక్కి చూడకుండా. “దిగు. నారందుకో.”

హేమలత దిగింది, వంగింది. తల్లి పక్కనే అడుగు అడుగుగా వెనక్కి నడిచింది. రెండు మునుముల వరుసలు అయ్యేసరికి నడుం విరిగిపోయింది, మనసు మాత్రం కొంచెం కుదుటపడింది.

ఫోన్ మళ్ళీ కూతపెట్టింది. సుప్రజ ఒక బొమ్మ పంపింది. పెన్సిలుతో హడావుడిగా గీసింది. మొహం లేదు. ఒక పిల్ల వెనక భాగం, దాని ముందు పచ్చటి వరుసలు, ఆ పైన ఆకాశం. కింద ఒకటే మాట: ‘ఎన్ని మార్కులు?’

పెంటవ్వ తొంగి చూసి అది తనదేనంది. ఇంకొకావిడ నీది అంత సన్నం ఎప్పుడుందని అడిగింది. హీరాబాయి మాత్రం నవ్వకుండా, చేతి బురద చీరకు తుడుచుకుని, ఫోన్ అందుకుని పూర్తిగా చూసింది.

“నడుం గంత మీదికుంటే చెయ్యి భూమికందది,” అంది. “ఇంక వంగాలె.”

హేమలత ఈసారి గడుల జోలికి పోలేదు. బురద వేలితోనే కొట్టింది: ‘ఆరు, మేడం. నడుం ఇంకా వంగాలి.’

పై అధికారి బొమ్మకు ఆరు వేసినవాళ్ళు ఆ కంపెనీలో ఇంకెవరైనా ఉన్నారో లేదో ఆమెకు తెలియదు.

జవాబు రావడానికి పది నిమిషాలు పట్టింది. ‘వంచుతున్నాను. సోమవారం నుంచి నువ్వు పర్మనెంట్. నాకు తొమ్మిదులు వేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.’