ఆల్బంలో పెట్టిన జడ

తిరుత్తణిలో కంప్యూటర్‌మీద ఆల్బంలు డిజైన్ చేసే విద్యాలక్ష్మికి ఒక మొండిపట్టు ఉంది. ఫోటోను పేజీలో అతికించేసి దాని పీక నొక్కదు. అసలు ఫోటోను ముట్టుకోకుండా, మార్పులన్నీ దానిమీద విడి పొరల్లో చేస్తుంది. పొర తీసేస్తే అసలు ముఖం అలాగే ఉంటుంది. తోటివాళ్ళు ఇదంతా చాదస్తం అంటారు. అననీ, ఆమెకేం!

ఆ మధ్య తిరువళ్ళూరు నుంచి ద్వారకనాథ్ అనే బట్టల వ్యాపారి వచ్చాడు. తమ్ముడి కొడుక్కి కొండమీద మురుగన్ గుడిలో గుండు చేయించి, చెవులు కుట్టించిన ఫోటోలు తెచ్చాడు. వాటిలో బిడ్డతోపాటు తల్లికీ గుండే.

"ముత్తైదువ మొట్టతో ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారమ్మా? ఒక జడ పెట్టేయ్. పూలు గూడా."

విద్యాలక్ష్మికి ఒళ్ళు మండింది. అయినా వచ్చిన గిరాకీని కాదనలేక పెట్టింది. జడ అచ్చం నిజంలా కుదిరింది. అంత బాగా కుదిరినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

ప్రింటుకు పంపాల్సిన రోజు పొద్దున్నే ఆ తల్లి, తనుశ్రీ, బిడ్డను చంకనేసుకుని మణవాళనగర్ నుంచి రైల్లో వచ్చేసింది. బావగారి ఫోన్లో పేజీలు చూసిందట. ఆమె తలమీద గరుగ్గా వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"నా మొట్ట యాడ పోయిందక్కా? వీడు ఏడో నెల్లోనే పుట్టి గాజుపెట్టెలో ఉన్నప్పుడు మురుగన్‌కి మొక్కుకున్నాను. వీడు బతికినాడు, నేను జుట్టు ఇచ్చినాను. వీడు పెద్దోడై ఈ ఆల్బం చూస్తే, వాళ్ళమ్మ ఏమిచ్చిందో తెలియొద్దా?"

విద్యాలక్ష్మి జడ ఉన్న పొరను పక్కకు తీసింది. జడలన్నిటినీ ఆ ఒక్క పొరలోనే పెట్టింది గనక, పేజీలన్నిటా జడ మాయమైంది. చందనం పూసిన నున్నటి తల, ముఖమంతా నవ్వు. తనుశ్రీ కళ్ళు తుడుచుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది.

"బావొచ్చి మళ్ళీ పెట్టమంటే?"

"పెట్టచ్చు. ఒక్క క్షణం పని."

"అయితే ఎవురూ పెట్టలేకుండా చేసేయక్కా."

విద్యాలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఫోటోను ఎప్పుడైనా మార్చుకునే వీలుండాలన్నది ఇన్నేళ్ళ పంతం. ఆ వీలు ఎవరి చేతికి చిక్కుతుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. జడ ఉన్న పొరను చెరిపేసింది. మిగిలినవన్నీ మళ్ళీ విడదీయలేకుండా కలిపేసి ఒకటే బొమ్మ చేసింది. అప్పటికప్పుడు ప్రింటుకు పంపింది.

మధ్యాహ్నం సంగతి తెలిసి ద్వారకనాథ్ ఫోన్ చేసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఆర్డరిచ్చింది నేను! జడ పెట్టు!"

"ప్రింటైపోయింది సార్. ఆ జడ ఇంక నా కంప్యూటర్లో మొలవదు. ఆయమ్మ తలమీద మొలిచేదాకా మీరే కాచుకోండి."