ఆరింటికి వచ్చే మనిషి

నీలం గళ్ళ చొక్కాను హైమావతి రెండుసార్లు దులిపి కిటికీ పక్క తీగ మీద ఆరేసింది. దాన్ని ఎవరూ తొడుక్కోరు. అయినా ఓడ వచ్చే రోజున పొద్దున్నే బకెట్లో నానబెట్టి ఉతుకుతుంది, కాలరు దగ్గర కాస్త ఎక్కువగా రుద్దుతుంది. తడి బట్టలుంటే ఇంట్లో మనుషులున్నట్టు కనిపిస్తుందని తొమ్మిదేళ్ళ క్రితం ఆమెకే తోచింది.

శెరంగూన్ రోడ్డు వెనక సందులో, పచారీ కొట్టు పైన రెండు గదులు. వాటిని పర్యాటక కంపెనీ అద్దెకు తీసుకుంది. విహార నౌకల్లో వచ్చేవాళ్ళు రేవులో దిగి, ఒక్కపూటలో ఊరు చూసి మళ్ళీ ఓడ ఎక్కుతారు. ఆ పూటలో నలభై నిమిషాలు ‘భారతీయ కుటుంబం ఇల్లు’. ఆ కుటుంబం హైమావతే. ఆమె ఉండేది ఊరి పడమటి చివర, బూన్ లేలో, వేరొకరి ఫ్లాట్‌లో ఒక గదిలో. యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. కాకినాడ నుంచి టైపిస్టుగా ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఆ ఆఫీసు మూతబడ్డాక ఈ పనిలో చేరింది.

పై మెట్టు మీద, కాళ్ళు పడకుండా ఓ పక్కగా ముగ్గు వేసింది. పులిహోర కలిపి మూత పెట్టింది. రేకు డబ్బాలోంచి కంపెనీవాళ్ళ గిల్టు మంగళసూత్రం తీసి మెడలో వేసుకుంది. కొక్కెం పెట్టుకోవడానికి అద్దం అవసరం లేదు. వేళ్ళకే తెలుసు.

మొదటి రోజు ఒకాయన ఆ గొలుసు చూసి, మీ భర్త ఏరని అడిగాడు. కంపెనీ రాసిచ్చిన కాగితంలో ఆ సంగతి లేదు. “తువాస్‌లో, షిప్‌యార్డులో పని. ఆరింటికి వస్తారు,” అనేసింది. పేరడిగితే విశ్వేశ్వరరావు అంది. ఆ పేరు గల మనిషెవరూ ఆమెకు తెలియదు. బస్సు ఐదింటికే వెళ్ళిపోయేది కాబట్టి ఆరింటికి ఎవరొస్తారో చూసినవాళ్ళు లేరు.

తర్వాత ఏ ఓడకా ఓడ ఆయన గురించి ఏదో ఒకటి అడిగేది. కాకరకాయ తినరని, పని నుంచి వస్తూ లీటరు పాల డబ్బా తెస్తారని, వాన పడితే పాత పాటలు పాడతారని, నిద్రలో పళ్ళు నూరతారని చెప్పింది. ఏదీ వెతుక్కోనక్కర్లేకపోయింది. అడగ్గానే నోటికి వచ్చేది. కల్పించేటప్పుడు మనిషి ఒక్క క్షణమైనా తడబడతాడు. తాను ఎప్పుడూ తడబడలేదన్న సంగతి మూడో ఏట ఒక మధ్యాహ్నం, గిన్నె తోముతుండగా ఆమెకు స్ఫురించింది. ఆ రోజు నుంచి ఐదున్నర దాటి ఆ గదుల్లో ఉండలేదు. ఒకసారి కుండపోత వానలో, గొడుగు లేకుండానే పరుగెత్తి రైలెక్కింది. దేనికి భయమని తనను తాను అడగలేదు. ఒకే గదిలో, ఒకే గొంతుతో, ఏళ్ళ తరబడి ఒకే మాట చెబుతుంటే, అది అబద్ధమని ఆ గదికి ఎలా తెలుస్తుంది?

నిన్న కంపెనీ నుంచి చక్రధర్ ఫోన్ చేశాడు. పర్యాటకుల్ని బస్సులో తీసుకొచ్చే కుర్రాడు, నిజామాబాద్ వైపువాడు.

“రేపే లాస్ట్ ఆంటీ. వచ్చే నెల్నుంచి మ్యూజియంకి తీస్కపోతరట. ఆరున్నరకు నేనొచ్చి చాబీ తీస్కుంట. సామాన్ల లిస్టు మీద మీ సైన్ కావాలె.”

“తాళం కింద కొట్లో ఇచ్చేసి వెళ్తానయ్యా. ఆరింటిదాకా నేనుండను.”

“అట్ల గాదు ఆంటీ. ఒక్క గంట లేటయితే ఏమైతది? ఇంట్ల అంకుల్ ఎదురుచూస్తుండా?” అని తనే నవ్వుకున్నాడు.

రాత్రంతా ఆమెకు ఒకటే ఆలోచన. వచ్చే వారం ఆయన వస్తాడు, తాళం చూస్తాడు, ఏమనుకుంటాడు? తెల్లవారాక పళ్ళు తోముకుంటూ, ఎవరి గురించి ఇంత బెంగ పడుతోందో గుర్తొచ్చి నురగ ఉమ్మేసింది. బెంగ మాత్రం పోలేదు.

నాలుగు గంటలకు మెట్ల మీద చప్పుళ్ళు.

“లాస్ట్ షో ఆంటీ! హౌస్‌ఫుల్!” చక్రధర్ గొంతు ముందుగా పైకి వచ్చింది.

పద్దెనిమిది మంది. చెప్పులు విప్పించింది, బొట్లు పెట్టింది, ఒకావిడకు చీర కట్టింది. తర్వాత ఎప్పటిలాగే గొలుసు వేలితో ఎత్తి చూపించి, భర్త బతికున్నంత కాలం దీన్ని మెడలోంచి తియ్యకూడదని ఇంగ్లీషులో చెప్పింది.

వెనక వరసలో పొడుగాటి ముసలావిడ లేచి నిలబడింది. చెవిలో వినికిడి యంత్రం ఉంది. తాను నాలుగేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చానని, అప్పుడు ఆరింటిదాకా ఉండలేకపోయానని అంది. “ఈసారి మా ఓడ రాత్రి పదింటికి గాని కదలదు. మీకు అభ్యంతరం లేకపోతే ఉంటాను. ఆయన్ని చూడాలని నాకెంతో ఆశ.”

హైమావతి గొలుసు వదిలేసింది. ఈవిడ ఉంటే ఆరు గంటలకు ఇద్దరూ కూర్చుని ఆ తలుపు వైపు చూడాలి. ఎవరూ రాకపోతే తొమ్మిదేళ్ళ మాట అబద్ధమైపోతుంది. ఎవరైనా వస్తే? ఆ రెండో ఆలోచనకే ఆమె తలుపు మీంచి చూపు తిప్పేసుకుంది. వచ్చే వారం ఆయన్ని తాళం ముందు నిలబెట్టే కంటే ఆయన కథ ఇక్కడే ముగించడం మేలేమోనని కూడా ఎక్కడో లోపల అనిపించింది.

“ఆయన పోయారు,” అంది. “పోయిన నెల.”

ముసలావిడ కళ్ళు మెల్లగా కిందికి, హైమావతి మెడ మీదికి దిగాయి. మిగతావాళ్ళవీ దిగాయి. ఇప్పుడే కదా చెప్పింది.

“ఇవాళ్టిదాకా నాకు ధైర్యం చాల్లేదు,” అని, హైమావతి రెండు చేతులూ మెడ వెనక్కి తీసుకెళ్ళింది. కొక్కెం జుట్టుకు చిక్కుకుంది. అద్దం అక్కర్లేని ఆ వేళ్ళు ఈసారి చాలాసేపు తడుముకున్నాయి. ఎవరూ ఫోటో తియ్యలేదు. గొలుసు ఊడి వచ్చాక మెడ చుట్టూ ఫ్యాను గాలి తగిలి వణికింది. ముసలావిడ ముందుకొచ్చి ఆమెను కావలించుకుంది. హైమావతికి ఏడుపొచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. ఎన్నడూ సుమంగళి కాని మనిషి పద్దెనిమిది మంది ఎదుట వితంతువయింది.

వాళ్ళు చెప్పులు తొడుక్కుంటుంటే చక్రధర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఏంది ఆంటీ, స్క్రిప్ట్‌ల లేదు గదా ఇది! మంచిగున్న అంకుల్‌ని చంపేసిండ్రు.”

“పోనీలే బాబూ,” అంది ముక్కు తుడుచుకుంటూ. “రేపటినుంచి ఎవరు చూస్తారు ఆయన్ని?”

వాడు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. “ఆరున్నరకొస్త. భద్రంగుండుండ్రి.”

బస్సు వెళ్ళింది. హైమావతి కిందికి దిగి వీధి తలుపు వేసి, లోపలినుంచి ఇనుప గడియ బిగించింది. ఆ మెట్లకు వేరే దారి లేదు. పైకొచ్చి తలుపు దగ్గరగా వేసి, కంచాలు, బొమ్మలు పెట్టెల్లో సర్దింది. చొక్కా ఇంకా ఆరలేదు. పోయిన మనిషి బట్టలు తీగ మీద ఉంచకూడదనిపించి తడిదే మడతపెట్టింది. ఐదున్నర అయింది. కాళ్ళు అలవాటుగా తలుపు వైపు కదిలాయి. పెట్టెల మీద సంతకం పెట్టాల్సిన కాగితం చూసి కూర్చుంది.

ఆరుకు కొద్ది క్షణాల ముందు, కింద చెక్క మెట్టు కిర్రుమంది.

గడియ తీసిన చప్పుడు వినలేదు. అడుగులు పైకి వస్తున్నాయి. రోజంతా ఎండలో పనిచేసిన మనిషి అడుగులు, బరువుగా, తొందర లేకుండా. సగం మెట్ల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. హైమావతికి ఆశ్చర్యం కలగలేదు. అదే ఆమెను భయపెట్టింది. లేచి నిలబడింది. చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళి, అక్కడ ఏమీ లేక, అక్కడే ఆగిపోయింది.

అడుగులు తలుపు అవతల ఆగాయి.

‘ఏమండీ’ అనబోయింది. పెదాలు విడ్డాయి. ఆ పిలుపు ఇక తనది కాదు. పద్దెనిమిది మందిని సాక్షులుగా పెట్టుకుని తనే వదులుకుంది. ఏ మొహంతో తలుపు తీస్తుంది? బతికున్న మనిషికి ఆ మాట ఎలా చెబుతుంది? తలుపు అడుగున సందులో నీడ ఉంది. అది చాలాసేపు కదల్లేదు, తట్టనూ లేదు. ఆయన అంతా విన్నాడని ఆమెకు అర్థమైంది.

తర్వాత ఏదో కింద పెట్టిన మెత్తటి చప్పుడు. నీడ తొలగింది. అడుగులు దిగిపోయాయి, ఈసారి మధ్యలో ఆగకుండా. ఆమె గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడింది. ఎంతసేపటికీ రాలేదు.

అప్పుడు తలుపు తీసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి. కింద గడియ తను వేసినట్టే ఉంది. పై మెట్టు మీద, చెరగని ముగ్గు పక్కన, లీటరు పాల డబ్బా ఒకటి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినట్టు, దాని ఒంటినిండా పట్టిన చల్లటి చెమ్మ బొట్లు బొట్లుగా చెక్క మీదికి జారుతోంది.