ఝాన్సీ చెప్పిన జవాబు

నేను ఒక సెకండ్‌హ్యాండ్ ఫోనుని. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నన్ను అమ్మిన కొట్టువాడే ఒప్పుకోలేదు. "కొత్తదే అనుకో తల్లీ" అంటూ కెజియా చేతిలో పెట్టాడు. నేనెక్కడ తయారయ్యానో నా వీపు మీద రాసే ఉంది. ఎవరు చదివారు గనక! మనుషులకు నా మొహం చూసుకోవడంతోనే సరిపోతుంది.

నా మొదటి యజమాని ఝాన్సీ, జనగామ పిల్ల. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేది. ఒక ఫోన్ ఇంటర్వ్యూలో బ్రహ్మాండంగా చెప్పి, ఫలితం కోసం ఎదురుచూస్తూ, ఓ మధ్యాహ్నం బస్సు దిగబోయి పడి చనిపోయింది. బంగారంలాంటి పిల్ల. నాకు ఇప్పటికీ బాధే. వాళ్లన్న నన్ను కొట్లో ఇచ్చేశాడు. కొట్టువాడు నాలో ఉన్నవన్నీ తుడిచి, ఒక్క రికార్డింగు మరిచిపోయాడు. ఝాన్సీ తన గురించి ఇంగ్లీషులో చెప్పడం ప్రాక్టీసు చేసిన నలభై సెకన్లు అవి.

కెజియాది చీరాల. ఝాన్సీని ఇంటర్వ్యూ చేసిన కంపెనీవాళ్లే ఈ పిల్లకీ గురువారం ఫోన్ చేస్తామన్నారు. "ఈసారి కూడా రాకపోతే మా నాన్న ఊరికి తీసుకుపోతాడక్కా, ఇంక పంపడు" అని హాస్టల్ గదిలో తోడుండే సుభాషిణి దగ్గర ఏడ్చింది. అమీర్‌పేటలో ఇంటర్వ్యూకి తయారవడమంటే ఎవరో చెప్పిన జవాబును బట్టీ పట్టడమే. నాలో ఏమున్నాయో చూస్తుంటే ఝాన్సీ రికార్డింగు బయటపడింది. "ఆ రికార్డింగే బట్టీ కొట్టెయ్ పిల్లా, పేరూ ఊరూ మార్చుకుంటే చాలు" అంది సుభాషిణి.

మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు కెజియా ఒకచోట తడబడితే ఝాన్సీ గొంతు ఆగింది. ఈ పిల్ల అందుకున్నాకే ముందుకు కదిలింది. మూడోరోజు చివర్లో, తెలుగులో, "జర మెల్లగ చెప్పు" అంది. నా కడుపులో ఏముందో నాకు తెలియదా? ఆ మాట నాలో లేదు!  కెజియా మాత్రం ఆ ముక్క ఇంతకుముందు వినలేదేమో అనుకుని, బుద్ధిగా మెల్లగా చెప్పింది.

గురువారం పదకొండింటికి, సిగ్నలు బాగుంటుందని డాబా ఎక్కి నీళ్లట్యాంకు పక్కన నిలబడింది. మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాడు ఫోన్ చేసిన కంపెనీ ఆయన. నోరు తెరిచింది. "నా పేరు ఝాన్సీ. మాది జనగామ" అని వచ్చింది. గుడ్లు తేలేసి చేత్తో నోరు మూసుకుంది. అయినా జవాబు ఆగలేదు. నలభై సెకన్లూ ఎక్కడా తడబడకుండా పూర్తయింది.

 తర్వాత ఆయన తెలుగులోకి దిగాడు.

"ఈ గొంతు నాకు గుర్తుందమ్మా. పోయినేడు మిమ్మల్ని తీసుకున్నాం కదా! ఆ మాట చెబుదామని మూడుసార్లు చేశాను. ఎత్తలేదేం?"

చేశాడు. రోడ్డు మీద, ఝాన్సీ చేతి పక్కనే పడి, మూడుసార్లూ మోగాను.

"ఎత్తుదామనే అనుకున్న సార్" అంది కెజియా నోటివెంట ఝాన్సీ. "చెయ్యి లేవలే."

ఆయనకేం అర్థమైందో ఏమో. "పోన్లెండి, ఇప్పుడు ఎత్తారుగా. సోమవారం వచ్చి చేరండి ఝాన్సీ గారూ" అన్నాడు.

"సార్, నేను కెజియానండీ! కెజియా!" అని అరిచింది ఈ పిల్ల. ఈసారి గొంతు తనదే. మాటలు చేరవేయడమే నా పని, కాదనను. మీరేమైనా అనుకోండి, ఆ మాటను మాత్రం నేను అవతలికి పోనివ్వలేదు.